మన రక్తమే మనకు మందగునా?

వానకారు వచ్చి డెంగీ జ్వరములు ప్రబలినపుడు ప్రతి యింటను ఒక ప్రశ్న వినవచ్చుచుండును: “ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నవి?” ఒకప్పుడు వైద్యులును, ప్రయోగశాలలవారును మాత్రమే ఎఱిగిన ఆ మాట నేడు వంటింటి గడపవఱకు వచ్చినది. లెక్క లక్షన్నరకు పైనున్నచో స్థిమితపడుదుము, దిగజారినచో దిగులుపడుదుము. ఆ ప్లేట్‌లెట్లే ఇటీవల మఱియొక త్రోవను మన యిండ్లలోనికి ప్రవేశించినవి. మోకాళ్ళనొప్పితోనో, మోచేతినొప్పితోనో, మడమనొప్పితోనో వైద్యునికడకు పోయినవారికి, “మీ రక్తమునే కొంచెము తీసి, అందలి ప్లేట్‌లెట్లను ఒకచోటికి చేర్చి, నొప్పియున్న తావున సూదితో ఎక్కింతుము” అను సలహా యొకటి లభించుచున్నది. దీనిని పొడియక్షరములలో పి.ఆర్.పి. చికిత్స యందురు. ప్లేట్‌లెట్లు సమృద్ధిగా గల ప్లాస్మా అని దాని యర్థము.

ఈ ప్రశ్న మా యింటనే పుట్టినది. మా పెద్దక్కగారికి అఱువదియెనిమిది సంవత్సరములు. వంటింటి వాకిలినుండి పెరటిలోని తులసికోటకు పోవలెనన్న మూడు మెట్లు దిగవలెను. రెండేండ్లనుండి ఆ మూడు మెట్లును ఆమెకు మూడు కొండలైనవి. గత కార్తికమున దీపమును మనుమరాలిచేతికిచ్చి పంపి, తాము ద్వారబంధము పట్టుకొని నిలుచుండి చూచిరి. ఎక్స్‌రే తీయించగా, మోకాళ్ళలో గుజ్జు కొంత అరిగినదనియు, వ్యాధి నడిమి దశలో నున్నదనియు తేలినది. పి.ఆర్.పి. సూదులు మూడు వేయించుకొనవచ్చునని అచ్చటివారు చెప్పిరి. ఒక్కొక్క సూదికి కొన్ని వేల రూపాయలు. ఇంటికి వచ్చి ఆమె మమ్ము అడిగిన మాట యిది: “నా రక్తమే గదరా, నన్నేం చేస్తుంది? వేయించుకోమంటావా, వద్దంటావా?” ఔననుటకును, కాదనుటకును మాకు నోరాడలేదు. ఆమెకొఱకు మేము చదివి తెలిసికొన్న సంగతులనే నేడు శ్రోతల యెదుట నుంచుచున్నాము.

మొదట ప్లేట్‌లెట్ల సంగతి చూతము. కంటికి రక్తము ఎఱ్ఱని ద్రవముగా నగపడును గాని, అందు సగముకంటె కొంచె మెక్కువ భాగము లేత పసుపువన్నెగల నీరు. అదియే ప్లాస్మా. దానిలో ఎఱ్ఱకణములు, తెల్లకణములు, ప్లేట్‌లెట్లు తేలియాడుచుండును. వీనిలో ప్లేట్‌లెట్లు మిక్కిలి చిన్నవి. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో, అందు రెండుమూడు భాగముల వెడల్పు మాత్రమే యుండును. ఎముకల మూలుగలోని పెద్ద కణములనుండి తునుకలుగా విడివడి ఇవి రక్తములో కలియును. వారము పది దినములు జీవించి నశించును. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘనపు మిల్లీమీటరునకు లక్షన్నరనుండి నాలుగున్నర లక్షలవఱకు ఉండును. ఇటలీ దేశమున ట్యూరిన్ నగరమునందలి జూలియో బిజ్జోజెరో అను శాస్త్రజ్ఞుడు 1882లో వీనిని వివరముగా వర్ణించి, రక్తస్రావమును ఆపుటలో వీనికి గల పాత్రను చూపెను.

కూర తరుగునపుడు కత్తిపీట తగిలి వ్రేలు తెగినదనుకొందము. రక్తనాళము తెగిన తావునకు ప్లేట్‌లెట్లు పరుగున చేరి, ఒకదానినొకటి అంటుకొని, కాలువ గండికి మట్టివేసినట్లు ఆ రంధ్రమును మూయును. వాని పని అంతటితో తీరునని చిరకాలము తలచిరి. 1974లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రస్సెల్ రాస్, ఆయన సహచరులు ఒక చక్కని ప్రయోగము చేసిరి. కోతుల ధమనులనుండి తీసిన కండరకణములను గాజుపాత్రలలో పెంచుచు, కొన్నిటికి ప్లేట్‌లెట్లతో గడ్డకట్టిన రక్తమునుండి తీసిన రసమును, కొన్నిటికి ప్లేట్‌లెట్లు లేకుండ తయారుచేసిన రసమును పోసిరి. మొదటివి చక్కగా వృద్ధిపొందినవి. రెండవవి అట్లు పెరుగలేదు. ప్లేట్‌లెట్లు గండిని పూడ్చుటయే గాక, చుట్టునున్న కణములను పెరుగుడని ప్రేరేపించు పదార్థములను గూడ విడుచుచున్నవని దీనివలన తేలినది. ఇట్టి పదార్థములను వృద్ధికారకములందురు. గండికి మట్టివేసిన కూలివాడే తాపీమేస్త్రీకి కబురు పంపినట్లున్నది ఈ యేర్పాటు.

ఇక కీలు సంగతి. మోకాలిలో ఎముకలు కలియు తావున వాని కొనలపై నున్నని తెల్లని పొర కలదు. శాస్త్రములో దానిని మృదులాస్థి యందురు. మన వాడుకలో గుజ్జు అందురు. ఆ పొరలో రక్తనాళములు లేవు. కండరమును ఎముకకు కట్టిపెట్టు గట్టి త్రాడు వంటిది స్నాయుబంధనము. మడమ వెనుక చేతికి తగులు గట్టి త్రాడు అట్టిదే. దానికి రక్తనాళములు ఉన్నను బహు స్వల్పము. ఈ కారణముచేతనే తెగిన వ్రేలు వారములో మానును గాని, చెడిన స్నాయుబంధనము నెలలు గడచినను మానదు. అరిగిన గుజ్జు తిరిగి పూర్వమువలె నేర్పడదు. కాలువ నీరు ఎక్కని మెట్టచేనునకు కావడితో నీరు మోసినట్లు, రక్తము చేరని తావునకు ప్లేట్‌లెట్లను సూదితో చేర్చినచో మేలగునేమో యని వైద్యులు తలచిరి. ఈ చికిత్సకు మూలమైన ఆలోచన యిదియే.

ఆలోచన సహేతుకమైనదే. కాని సహేతుకమైన ఆలోచన వేఱు, ఫలించిన చికిత్స వేఱు. గాజుపాత్రలోని కణము వేఱు, అఱువదియేండ్లు సంసారమును మోసిన మోకాలు వేఱు. ఈ భేదమును మఱువకుండుట ముఖ్యము.

చికిత్స జరుగు తీరు కష్టమైనది కాదు. చేతి నరమునుండి పదునైదు మొదలు అఱువది మిల్లీలీటరుల వఱకు రక్తము తీసి, గడ్డకట్టకుండ మందు కలిపిన గొట్టములో పోయుదురు. గొట్టమును సెంట్రిఫ్యూజి అను యంత్రమునందుంచి కొన్ని నిమిషములు గిరగిర త్రిప్పుదురు. వడిసెల త్రిప్పునపుడు రాయి బయటివైపునకు లాగుట మన మెఱిగినదే. అట్లే బరువైన ఎఱ్ఱకణములు గొట్టపు టడుగునకు చేరును. పైన పసుపువన్నె ప్లాస్మా నిలుచును. రెంటి నడుమ తెల్లకణములును, ప్లేట్‌లెట్లును గల పలుచని పొర యేర్పడును. కొన్ని పద్ధతులలో ఒకమారును, కొన్నిట రెండుమారులును త్రిప్పుదురు. తుదకు లభించు కొద్ది మిల్లీలీటరుల ద్రవమును, చర్మము శుభ్రపఱచిన పిమ్మట, కీలులోనికి గాని స్నాయుబంధనములోనికి గాని ఎక్కింతురు. సూదిమొన ఎచ్చటికి పోవుచున్నదో అల్ట్రాసౌండు యంత్రముతో చూచుచు ఎక్కించుట అనేకచోట్ల వాడుక. ఆనాడే యింటికి రావచ్చును.

ఈ పద్ధతి మొదట మోకాలికొఱకు పుట్టినది కాదు. 1998లో అమెరికాలో మయామీ నగరపు శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్, ఆయన సహచరులు దవడయెముకకు అతుకువేయునపుడు ప్లేట్‌లెట్ల ద్రవమును వాడి, ఎముక చక్కగా పెరిగినదని ప్రకటించిరి. 2006లో కాలిఫోర్నియాలో అలన్ మిశ్రా అను వైద్యుడు, ఒక సహచరునితో కలిసి, చిరకాలపు మోచేతినొప్పి గల ఇరువదిమందిపై పరీక్ష జరిపెను. టెన్నిస్ ఎల్బో అని పేరుగల ఈ నొప్పి టెన్నిస్ ఆడువారికే వచ్చునది కాదు. బట్టలు పిండువారికిని, సుత్తెపట్టువారికిని వచ్చును. ఆ యిరువదిమందిలో పదునైదుగురికి ప్లేట్‌లెట్లను, ఐదుగురికి తిమ్మిరిమందును ఇచ్చిరి. ప్లేట్‌లెట్లు పొందినవారికి ఎక్కువ ఉపశమనము కలిగినది. సంఖ్య చిన్నదైనను ఆశ పెద్దదైనది.

ఆ యాశకు రెక్కలు తొడిగినది క్రీడారంగము. 2009 ఫిబ్రవరిలో అమెరికా ఫుట్‌బాల్ మహాపోటీకి ముందు పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు హైన్స్ వార్డ్ మోకాలికి దెబ్బ తగిలెను. అతడు ఈ చికిత్స పొంది పోటీలో ఆడెను, జట్టు గెలిచినది. పత్రికలు ఆ సంగతిని ఘనముగా చాటినవి. క్రీడాకారులకు దీనివలన అక్రమముగా బలము చేకూరునేమో యను శంకతో, ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ 2010లో ఈ ద్రవమును కండరములోనికి ఎక్కించుటను నిషేధించి, బలము పెరుగునను నిదర్శనము లేనందున 2011లో ఆ నిషేధమును తొలగించినది.

వార్డ్ ఆడిన మాట నిజము. గెలిచిన మాటయు నిజము. కాని సూది లేకున్నచో ఆడలేకపోయెడివాడా? ఈ ప్రశ్నకు ఒక్క మనిషి కథనుండి సమాధానము రాదు. మన మోకాళ్ళ విషయమునను చిక్కు ఇచ్చటనే యున్నది. నొప్పి తగ్గినదనుట ఒక మాట; దేనివలన తగ్గినదనుట మఱియొక మాట.

కీళ్ళనొప్పి సంవత్సరము పొడవున ఒకే తీరుగా నుండదు. సముద్రమునకు ఆటుపోటులున్నట్లు దానికిని కలవు. సామాన్యముగా మనము వైద్యునికడకు పోవునది నొప్పి పోటుమీద నున్నపుడే. పోటు తరువాత ఆటు సహజము. ఆ నడుమ ఏ మందు పడినను కీర్తి దానికే దక్కును. ఇది మొదటి సంగతి. రక్తము తీయుట, యంత్రము తిరుగుట, వైద్యుడు శ్రద్ధతో సూది వేయుట, మనము డబ్బు చెల్లించుట, ఇవి యన్నియు మనస్సున గట్టి నమ్మకమును కలిగించును. నమ్మకము నొప్పిని నిజముగానే తగ్గించును. ఇది రెండవది. ఇంతమాత్రమున నొప్పి అబద్ధమనిగాని, ఉపశమనము భ్రమ యనిగాని అనరాదు. నొప్పిని తుదకు అనుభవించునది మెదడే గనుక, మెదడునకు కలిగిన ధైర్యము మోకాలికిని తెలియును. సూదితోపాటు కొన్నాళ్ళు బరువులెత్తవద్దనియు, వ్యాయామము చేయుడనియు చెప్పుదురు; వానివలన కలుగు మేలు మూడవది.

ఈ మూడింటిని విడదీసి మందు సత్తువను మాత్రమే తూచుటకు శాస్త్రజ్ఞులు ఒక త్రాసును కనిపెట్టిరి. ఒకే విధమైన రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా చేయుదురు. ఒక జట్టునకు మందు నెక్కింతురు. రెండవ జట్టునకు సెలైను, అనగా ఉత్త ఉప్పునీరు, అదే తీరున ఎక్కింతురు. ఎవరికేది పడినదో రోగికి తెలియనీయరు. నెలలు గడచిన పిమ్మట రెండు జట్ల నొప్పిని కొలుతురు. ఉప్పునీటికంటె మందునకు ఎంత యెక్కువ మేలు కలిగినదో అంతయే ఆ మందు సొంత సంపాదన. తక్కినది ఆటుపోటులది, నమ్మకముది.

పి.ఆర్.పి.ని ఈ త్రాసులో పెట్టగా ఏమి తేలినది? మొదట అనుకూలమైన వానిని చెప్పుదము. మన దేశముననే చండీగఢ్ నగరమునందలి వైద్య విద్యా పరిశోధన సంస్థలో జరిగిన పరీక్ష 2013లో ప్రకటితమైనది. రెండు మోకాళ్ళును అరిగిన డెబ్బదియెనిమిదిమందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టునకు ప్లేట్‌లెట్ల సూది యొకటి, రెండవ జట్టునకు రెండు, మూడవ జట్టునకు సెలైను వేసిరి. ఆఱు నెలలవఱకు ప్లేట్‌లెట్లు పొందినవారికే నొప్పి తక్కువగా నుండెను. రెండు సూదులవలన ఒక సూదికంటె ఎక్కువ మేలేమియు కలుగలేదు. ఆఱవ నెల వచ్చునప్పటికి ఉపశమనము కొంత సడలనారంభించినది. హాలెండు దేశమున నూఱుమంది మోచేతి రోగులపై జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలో, స్టెరాయిడు సూదికంటె ప్లేట్‌లెట్ల సూదియే ఏడాది పిమ్మట మెఱుగని తేలెను. అచ్చట పోటీ ఉప్పునీటితో గాక స్టెరాయిడుతో జరిగినదని గమనింపవలెను. మోచేతికి స్టెరాయిడు మొదట చల్లబఱచినను, తరువాత నొప్పి తిరుగబెట్టుట వైద్యులెఱిగినదే.

ఇక ప్రతికూలమైనవి. ఆ 2010లోనే హాలెండునందు యేబదినలుగురు మడమనొప్పి రోగులపై జరిగిన పరీక్షలో, ఇరువదినాలుగు వారముల పిమ్మట ప్లేట్‌లెట్లకును ఉప్పునీటికిని భేదము కనబడలేదు. 2021లో బ్రిటనునందు రెండువందల నలువదిమందిపై జరిగిన పరీక్షయు అట్లే ముగిసినది. అచ్చట సగముమందికి మడమ త్రాటిలోనికి ప్లేట్‌లెట్లు ఎక్కించిరి; తక్కినవారికి చర్మము క్రింద ఉత్తసూది గ్రుచ్చి తీసివేసిరి. ఆఱు నెలల పిమ్మట నూటికి లెక్కించిన ఆరోగ్యపు మార్కులు మొదటి జట్టునకు 54.4, రెండవ జట్టునకు 53.4. మోకాళ్ళ విషయమున పెద్ద పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగి 2021లోనే వెలువడినది. ఏబదియేండ్లు దాటి, మోకాళ్ళలో అరుగుదల కొద్దిగనో, నడిమిరకముగనో గల 288 మందికి వారమున కొకటి చొప్పున మూడు సూదులు వేసిరి. సగముమందికి ప్లేట్‌లెట్లు, సగముమందికి ఉప్పునీరు. ఏది యెవరికో రోగులకే గాక సూదివేసిన వైద్యులకును తెలియదు. ఏడాది పిమ్మట పదింటికి లెక్కించిన నొప్పి ప్లేట్‌లెట్ల జట్టున 2.1, ఉప్పునీటి జట్టున 1.8 తగ్గినది. ఆ స్వల్పభేదము లెక్కకు నిలుచునది కాదు. గుజ్జు రెండు జట్లలోను కొంత తఱిగినది: మొదటి జట్టున నూటికి 1.4 వంతులు, రెండవ జట్టున 1.2 వంతులు. కావున ఈ సూదివలన గుజ్జు తిరిగి మొలచునని యెవరైన చెప్పినచో ఆ మాటను నమ్మి సొమ్ము చెల్లింపరాదు.

ఉప్పునీరు పొందినవారికిని నొప్పి రెండు పాళ్ళ కొలదిగా తగ్గినదను సంగతియందే ఈ కథ కీలకమంతయు నున్నది. పి.ఆర్.పి. వేయించుకొని, “నాకు హాయిగా నున్నది” అను పొరుగింటివారు అబద్ధమాడుట లేదు. వారి హాయి నిజము. ఆ హాయిలో ప్లేట్‌లెట్ల పాలెంత యనునదే సందేహము.

ఒకచోట మేలని, ఒకచోట కాదని ఎందులకు తేలుచున్నది? పి.ఆర్.పి. యనునది గుళికవలె ఒకే కొలతతో తయారగునది కాదు. అది యింటింటి పులుసు వంటిది. ఒకరు ఒకమారు త్రిప్పుదురు, ఒకరు రెండుమారులు. ఒకరు తెల్లకణములను ఉంచుదురు, ఒకరు తీసివేయుదురు. తుది ద్రవములో ప్లేట్‌లెట్లు ఒకచోట రక్తములోని వానికి రెండింతలు, వేఱొకచోట ఐదింతలు. ఇచ్చువారి రక్తమును దినదినమునకు మాఱునదియే. ఆస్ట్రేలియా పరీక్షలో వాడిన ద్రవమునందు ప్లేట్‌లెట్లు చాలినన్ని లేవని ఈ చికిత్సను సమర్థించువారు ఆక్షేపించిరి. ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. కాని చాలినన్ని ఉన్నచో మేలు కలుగునని ఉప్పునీటితో పోల్చిన పెద్ద పరీక్షలలో నిరూపించు భారము వారిదే.

పెద్దల సంఘములును ఏకాభిప్రాయమునకు రాలేదు. అమెరికాలోని కీళ్ళవాత వైద్యుల సంఘము తన 2019 మార్గదర్శకములో, ద్రవమునకు ఒక కొలత లేనందున మోకాలికిని, తుంటికిని దీనిని వాడవద్దని గట్టిగా చెప్పినది. ఆ దేశముననే ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ 2021లో, మోకాలినొప్పిని ఇది తగ్గింపవచ్చునని చెప్పి, ఆ మాటకు గల ఆధారము పరిమితమని చేర్చినది. వైద్యులిద్దఱు రెండు విధముల చెప్పినచో ఒకరు మోసగాండ్రని తలపరాదు. సాక్ష్యమే ఇంకను తెగలేదు.

“నా రక్తమే గదా” యను మా యక్కగారి మాటలో కొంత సత్యము కలదు. పరుల రక్తముతో వచ్చు వికటములు, అంటురోగములు ఇందు ఉండవు. కాని రక్తము మనదైనను సూది, గొట్టము, చేయి పరులవి. శుభ్రత లోపించినచో కీలులోనికి సూక్ష్మజీవులు చేరి చీముపట్టవచ్చును. అది అరుదు గాని, వచ్చినచో కీలునే చెఱచును. సూదివేసిన పిదప రెండుమూడు దినములు నొప్పి, వాపు హెచ్చుట సామాన్యము. జ్వరము వచ్చినను, మోకాలు ఎఱ్ఱబడి కాగుచున్నను, నొప్పి గంటగంటకు పెరుగుచున్నను ఆగక ఆసుపత్రికి పోవలెను. ప్లేట్‌లెట్లు తక్కువగా నున్నవారికి, రక్తపు క్యాన్సరు గలవారికి, ఒంట ఏదైన అంటుపుండు ఉన్నవారికి ఇది తగదు. రక్తము పలుచబడుటకు మందు వాడువారు ఆ సంగతి ముందే చెప్పవలెనే గాని, తమంత తాము దానిని మానరాదు. కొన్ని నొప్పిమాత్రలు ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేయును గనుక, వానిని ఎన్నాళ్ళముందు ఆపవలెనో వైద్యునే అడుగవలెను.

ఇట్లనుటచేత మోకాళ్ళనొప్పికి దారిలేదని యెవరును నిరాశ చెందనక్కఱలేదు. సాక్ష్యము గట్టిగా నున్న చికిత్సలు రెండు కలవు. వానిని అమ్ముటకు అంగడి లేదు గనుక వానికి ప్రచారము తక్కువ. మొదటిది బరువు తగ్గించుకొనుట. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రమున స్థూలకాయులైన కీళ్ళరోగులను పరిశీలించి 2005లో ప్రకటించిన లెక్క ననుసరించి, ఒంటిబరువు ఒక కిలో తగ్గినచో వేయు ప్రతి యడుగునను మోకాలిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గును. దినమునకు వేలకొలది అడుగులు వేయుదుము గదా! రెండవది తొడకండరములకు బలము చేకూర్చుట. పీటపై గాక కుర్చీలో కూర్చుండి, ఒక కాలును మెల్లగా ముందునకు చాచి, ఐదు అంకెలు లెక్కించి, మెల్లగా దింపవలెను. ఇట్లు ఒక్కొక్క కాలికి పదిమారులు, ఉదయ సాయంకాలములందు చేయవచ్చును. చేతులూనకుండ కుర్చీనుండి లేచి కూర్చుండుట తరువాతి మెట్టు. మడమత్రాటి నొప్పికి 1998లో స్వీడను దేశమున హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ చూపిన పద్ధతి ప్రసిద్ధమైనది. మెట్టు అంచున మునివ్రేళ్ళపై నిలిచి, మడమను మెల్లగా క్రిందికి దింపుటయే ఆ వ్యాయామము. దానిని పండ్రెండు వారములు విడువక చేయవలెను. చేసిన దినమే ఫలము కనబడదు. సూదికిని వ్యాయామమునకును అదియే తేడా: సూదికి కావలసినది సొమ్ము, వ్యాయామమునకు కావలసినది ఓపిక.

కీలు పూర్తిగా అరిగి ఎముకకు ఎముక ఒరయు దశలో పి.ఆర్.పి. వలన ఆశింపదగినది మిక్కిలి తక్కువ. అట్టివారు సూదులమీద సూదులు వేయించుకొనుచు కాలమును, ధనమును వ్యయపఱచుటకంటె శస్త్రచికిత్స సంగతి ఆలోచించుట మేలు. అరుగుదల కొద్దిగా నుండి, వ్యాయామము నెలలకొలది నిజముగా చేసియు ఉపశమనము పొందనివారు, సొమ్మునకు ఇబ్బంది లేనిచో, ఈ సూదిని ఒక ప్రయత్నముగా తలచి వేయించుకొనుటలో తప్పులేదు. అప్పు తెచ్చి వేయించుకొనదగినంత నిశ్చయమైన ఫలము దీనికి లేదు.

వేయించుకొనదలచినవారు వైద్యుని ముందు కూర్చున్నపుడు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. మా జబ్బు పేరేమి, ఏ దశలో నున్నది? మీరు తయారుచేయు ద్రవములో ప్లేట్‌లెట్లు ఎన్నింతలగును. ఆ లెక్క చూతురా? గొట్టములును సూదులును ఒక్కమారు వాడి పారవేయునవేనా? ఎన్ని సూదులు, మొత్తము ఖర్చెంత? మొదటి సూదితో గుణము కనబడకున్న ఏమి చేయుదురు? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. కోపగించినచో అదియు ఒక సమాధానమే.

ఈ సంగతులన్నియు మా యక్కగారికి ఒక సాయంకాలము విన్నవించితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “ఉప్పునీళ్ళకే అంత తగ్గితే, ముందు ఆ కుర్చీ ఇటు జరుపు” అనిరి. నాటినుండి ఉదయము రేడియోలో వార్తలు వచ్చునంతసేపు కుర్చీలో కూర్చుండి కాళ్ళు చాచుచున్నారు. నాలుగు నెలలైనది. నొప్పి పోలేదు; కొంత తగ్గినది. ముసురు పట్టిన దినమున ఇంకను సూది మాట తలపెట్టుచుందురు. అడుగవలసిన ప్రశ్నలు కాగితముపై వ్రాసి ఆమె పెట్టెలో ఉంచితిమి. వేయించుకొనుటయు, మానుటయు ఆమె యిష్టము. తులసికోట మెట్లకు ప్రక్కగా ఒక ఇనుపకమ్మి మాత్రము పెట్టించితిమి. మొన్న శుక్రవారమున దానిని పట్టుకొని, ఒక్కొక్క మెట్టు ఆగి ఆగి, దీపము తామే తీసికొనిపోయిరి.